పాపకు, థాయ్‌లాండ్ దారుల గురించి

తిరుపతి,
ఆదివారం రాత్రి

పాపా,

నువ్వు పంపిన బైకు ట్రిప్పు మ్యాపు ఫోనులో చిన్నగా కనిపిస్తోందని, జిరాక్స్ షాపులో పెద్ద కాగితం మీద ప్రింటు తీయించాను. నాలుగు రోజులుగా అది హాల్లో టీపాయ్ మీదే పరిచి ఉంది. కాఫీ గ్లాసు పెట్టుకోవడానికి చోటు లేదని మీ అమ్మ అంటోంది. ఫోనులో చెబితే నేను సగం మర్చిపోతాను, నువ్వు మీటింగు మధ్యలో సగమే వింటావు. అందుకే రాస్తున్నాను. తీరిక దొరికినప్పుడు చదువు, కానీ మొత్తం చదువు.

పోవద్దని చెప్పడానికి రాస్తున్నానని అనుకోకు. హిమాలయన్ బైకు కొన్న రోజే నువ్వు ఎప్పుడో ఒకప్పుడు దేశం దాటి బండి నడుపుతానంటావని అనుకున్నాను. ముగ్గురు ఆడపిల్లలు తెలియని దేశంలో ఎలా అని మీ అమ్మకు టెన్షన్. నా టెన్షన్ వేరు. నువ్వు గీసిన దారిలో ఎనిమిది రోజులకు పదిహేను వందల కిలోమీటర్లు ఉన్నాయి. అందులో ముప్పాతిక వంతు కొండ దారే.

ముందు థాయ్‌లాండా, వియత్నామా అన్న సంగతి తేల్చేద్దాం. వియత్నాంలో హా జియాంగ్ కొండలు, మా పి లెంగ్ కనుమ ఫోటోల్లో చూస్తే నాకే పోవాలనిపించింది. కానీ మన ఆర్టీవో ఆఫీసు ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ 1949 జెనీవా ఒప్పందం కిందది. వియత్నాం గుర్తించేది 1968 వియన్నా ఒప్పందం కింద ఇచ్చిన పర్మిట్లను. అద్దెకిచ్చేవాళ్లు ఏమీ అడగకుండానే బండి చేతికిస్తారు, నిజమే. ఏదైనా అయితే మాత్రం లైసెన్సు లేకుండా నడిపినట్టే లెక్క, ఇన్సూరెన్సు కూడా రాదు. పైగా అక్కడ కుడి వైపు నడపాలి. పగలంతా జాగ్రత్తగానే ఉంటావు. సాయంత్రం అలసిపోయి, ఖాళీ రోడ్డులో టీ కొట్టు దగ్గర నుంచి బండి తీసేటప్పుడు చెయ్యి పాత అలవాటు ప్రకారం ఎడమకే పోతుంది. థాయ్‌లాండ్‌లో మనలాగే ఎడమ వైపు, మన పర్మిట్ కూడా చెల్లుతుంది. వియత్నాం ఇంకోసారి.

ఇప్పుడు అసలు మాట. నేను ఇరవై మూడేళ్లు తిరుమల ఘాట్‌లో బస్సు నడిపాను. ఎక్కడం 1974లో వచ్చిన రెండో ఘాట్‌లో, దిగడం 1944 నాటి పాత ఘాట్‌లో. దిగే దారిలో మోకాళ్ల మెట్టు దగ్గర అవ్వాచారి కోన వస్తుంది. ముందు సీట్లలో భక్తులు "అబ్బా, లోయ చూడండి" అనేవాళ్లు. నేను చూడలేదు. చూడకూడదు కూడా. డ్రైవరు చూపు మలుపు మీద ఉండాలి, అద్దంలో ఉండాలి, ముందు పోయే జీపు బ్రేకు లైటు మీద ఉండాలి.

రిటైరయ్యాక 2019లో మీ అమ్మ మొక్కు తీర్చడానికి అలిపిరి నుంచి నడిచి ఎక్కాం, గుర్తుందా, నువ్వు రాలేకపోయావు. మోకాళ్ల మెట్టు దగ్గరికి వచ్చేసరికి ఉదయం ఆరున్నర. మీ అమ్మ కూర్చుంది. నేను పిట్టగోడ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. గోడ మంచుకు తడిసి చల్లగా ఉంది. కోన నిండా పొగమంచు. అది మెల్లగా పైకి లేస్తుంటే దాని కింద నుంచి ఒక్కో చెట్టు కొమ్మ బయటపడుతోంది. అడుగున ఎక్కడో నెమలి అరిచింది. నా వెనక నుంచి మన డిపో బస్సు ఒకటి దిగిపోయింది. ఆ డ్రైవరు చూపు ఎక్కడుందో నాకు తెలుసు. అన్నేళ్లు ఈ చోటు మీదుగా పోయాను తప్ప దీన్ని చూసింది ఈ రోజేనని మీ అమ్మతో అన్నాను. ఆవిడ ఏమీ అనకుండా నీళ్ల సీసా చేతికిచ్చింది.

నువ్వు "సీనిక్ రూట్" అని రాసిన ప్రతిచోటా నేను ఆ గోడనే తలుచుకుంటున్నాను. బండి నడిపేవాళ్లకు అందం దారిలో దొరకదు, ఆగిన చోట దొరుకుతుంది. నీ ప్లానులో ఆగే చోట్లు లేవు, పోయే ఊళ్లే ఉన్నాయి. ఉత్తరాన చియాంగ్ మై ఊళ్లో మొదలై మళ్లీ అక్కడికే వచ్చే మే హాంగ్ సోన్ చుట్టు దారి ఆరు వందల కిలోమీటర్లు, 1,864 మలుపులు అంటారు. ఒక్క చియాంగ్ మై నుంచి పాయ్ వరకే 762. ఆ నూట ముప్పై కిలోమీటర్లకు అలవాటైన వ్యాను డ్రైవర్లకే మూడు గంటలు పడుతుంది. ఆ చుట్టు దారిని నువ్వు నాలుగు రోజుల్లో ముగించి, మిగతా నాలుగు రోజుల్లో మూడు దేశాలు కలిసే గోల్డెన్ ట్రయాంగిల్, అటు నుంచి నాన్ కొండలు పెట్టుకున్నావు. నాన్ వైపు 1148 నంబరు రోడ్డు చాలా బాగుంటుందని నేనూ విన్నాను, బో క్లువా ఊళ్లో కొండ మీద ఉప్పు బావులున్నాయట. అయినా గోల్డెన్ ట్రయాంగిల్, నాన్ రెండూ కొట్టేశాను. ఎర్ర పెన్నుతో కొట్టేసినప్పుడు నాకూ బాధేసింది.

మిగిలిన చుట్టు దారిని తిప్పేయ్. నువ్వు చాలామందిలాగే ముందు ఉత్తరంగా పాయ్ పోయి, పడమటి అంచున కిందికి దిగి వచ్చేలా గీశావు. ప్రదక్షిణగా పో. చియాంగ్ మై నుంచి దక్షిణంగా 108 నంబరు రోడ్డు ఎక్కితే హోట్ అనే ఊరి వరకు దాదాపు తొంభై కిలోమీటర్లు చదును. అద్దె బండి బ్రేకు ఎక్కడ పడుతుందో, క్లచ్ ఎక్కడ వదులుతుందో చేతికి తెలియడానికి ఆ దూరం కావాలి. తర్వాత మే సరియాంగ్ వరకు వంద కిలోమీటర్లు కొండే కానీ మలుపులు విశాలమైనవి. పాయ్ వైపున్న 1095 రోడ్డులో మలుపులు ఒకదాని మీద ఒకటి పడతాయి, టూరిస్టు వ్యాన్లు కూడా ఎక్కువ. మొదటి రోజే తెలియని బండి మీద ఆ దారి వద్దు. అది ఆఖరుకు రానీ. అప్పటికి బండి నీ మాట వింటుంది.

ఇంకో సంగతి మ్యాపులో కనపడదు. హోట్ నుంచి మే సరియాంగ్ దారి పడమరకు పోతుంది. మధ్యాహ్నం మూడు దాటితే ఎండ సూటిగా కళ్లలో కొడుతుంది, మలుపు తిరగ్గానే నీడ, మళ్లీ ఎండ. కళ్లు సర్దుకునే లోపల మలుపు అయిపోతుంది. ఆ రోజు ఆరున్నరకే బయలుదేరి రెండింటికల్లా ఊరు చేరుకో. తిరుగు రోజున పాయ్ నుంచి వచ్చేది తూర్పు, దక్షిణం వైపు. ఆ రోజు తొందరపడకు, మంచు విడిచి ఎండ పైకి లేచాక తొమ్మిదింటికి బండి తియ్యి.

నెల కూడా మార్చు. మార్చిలో లీవు దొరుకుతుందని రాశావు. ఫిబ్రవరి ఆఖరు నుంచి ఏప్రిల్ దాకా ఆ ప్రాంతమంతా పొలాలు, అడవులు తగలబడి పొగ కమ్ముకుంటుంది. ఎండాకాలంలో మన శేషాచలం అడవి అంటుకున్న రోజు ఊరి నుంచి కొండే కనపడదు చూడు, వారాల తరబడి అలాగ. కొండలు చూడ్డానికి పోయి కొండలు కనపడకపోతే ఎందుకు? నవంబరు ఆఖరి వారం పెట్టుకో. మనకు నవంబరంటే వాయుగుండం, వాన. 2021లో కొండచరియలు విరిగి ఘాట్ మీద పడ్డది ఆ రోజుల్లోనే. అక్కడ మాత్రం అప్పటికి వానలు వెనక్కి పోయి చలి మొదలవుతుంది. ఖున్ యువామ్ దగ్గర కొండవాలంతా పసుపుపచ్చటి అడవి పొద్దుతిరుగుడు పూలు పూసేది కూడా నవంబరులో, డిసెంబరు మొదట్లో. మే సరియాంగ్ నుంచి మే హాంగ్ సోన్ పోయే రోజు ఖున్ యువామ్ దగ్గర పెద్ద రోడ్డు వదిలి పక్కకు పోవాలి. ఆ రోజు అసలు దారి నూట అరవై ఐదు కిలోమీటర్లే కాబట్టి పూల దగ్గర రెండు గంటలు కూర్చున్నా నష్టం లేదు.

మే హాంగ్ సోన్‌లో రెండు రాత్రులు ఉండు. ఊరి మధ్య కోనేరులాంటి చెరువు, దాని ఒడ్డున బర్మా పద్ధతిలో కట్టిన రెండు గుళ్లు. మధ్యలో రోజు బాన్ రాక్ థాయ్ పోయి రా, నలభై ఐదు కిలోమీటర్ల లోపే. చైనా అంతర్యుద్ధంలో ఓడి యున్నాన్ నుంచి వచ్చిన సైనికుల కుటుంబాలు స్థిరపడిన ఊరు, ఇప్పుడు టీ తోటలు పెంచుతారు. తర్వాత రోజు పాంగ్ మఫా వరకే, అరవై ఐదు కిలోమీటర్లు. ఇంతేనా అంటావు. అక్కడ థామ్ లోట్ గుహ ఉంది, లోపల ఏరు పారుతుంది, వెదురు తెప్ప మీద తీసుకుపోతారు. లాంతరు పట్టుకుని గైడు ముందు నడుస్తాడు. చెక్కను తొలిచి చేసిన, వెయ్యేళ్లకు పైబడిన శవపేటికలున్నాయి అందులో. సాయంత్రం పిట్టలు గుంపులుగా గుహలోకి తిరిగొస్తాయట. అది చూడాలంటే ఆ రాత్రి అక్కడే ఉండాలి. అక్కడి నుంచి పాయ్ నలభై ఐదు కిలోమీటర్లు. పాయ్‌లో ఒక రోజు బండి తియ్యొద్దు.

దిగుడు గురించి ఒక్క సంగతి ఇంతవరకు నీకు సరిగ్గా చెప్పలేదు. నా ఎడమ మణికట్టు వంకర నువ్వు చిన్నప్పటి నుంచి చూస్తున్నావు. బస్సులో దెబ్బ తగిలిందని అనుకుంటావు, కాదు. ఉద్యోగం రాకముందు మీ చిన్నాన్న యెజ్డీ తీసుకుని హార్స్‌లీ కొండకు పోయాను. తిరిగి వచ్చేటప్పుడు పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపి, న్యూట్రల్‌లో వదిలేశాను. అప్పట్లో అందరం అలాగే చేసేవాళ్లం. నాలుగైదు మలుపులు దాటేసరికి బ్రేకు లైనర్ కాలిన వాసన వచ్చింది. తర్వాతి మలుపులో ముందు బ్రేకు లివర్ పిడికి వచ్చి ఆనుకుంది, బండి మాత్రం ఆగలేదు. పక్క కాలవలో పడ్డాను. మీ తాత నన్ను పుత్తూరు తీసుకుపోయాడు. ఆకు పసరు, గుడ్డుసొన పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టారు. వాళ్లు బాగానే కట్టారు, నేనే కట్టు విప్పే రోజు రాకముందే బరువులెత్తాను. ఎక్కిన గేరులోనే దిగాలని తర్వాత ట్రైనింగులో చెప్పినప్పుడు, ఆ మాట నాకు చేతిలో నొప్పిగా వినపడింది.

అందుకని గేర్లు లేని స్కూటరు తీసుకోకు, తేలికని మీ ఫ్రెండ్స్ చెప్పినా సరే. పొడుగు దిగుడులో దాని బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. హోండా సీబీ500ఎక్స్ అక్కడ అద్దెకు దొరుకుతుందన్నావు కదా, దాదాపు రెండు వందల కిలోలు, నీ హిమాలయన్ బరువే. అదే తీసుకో. థాయ్‌లాండ్‌లో అన్నిటికంటే ఎత్తైన కొండ డోయ్ ఇంథనాన్‌ను ఆఖరి రోజుకు పెట్టాను కూడా ఇందుకే. 2,565 మీటర్లు, మన హార్స్‌లీ కొండకు రెట్టింపు. చోమ్ థోంగ్ నుంచి శిఖరం దాకా నలభై ఎనిమిది కిలోమీటర్ల ఎక్కుడు, మళ్లీ అంతా దిగుడే. తిరుమల ఘాట్‌లో ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు తగ్గకూడదని రూలు ఎందుకు పెట్టారో ఆలోచించు. ఇంథనాన్ ఎక్కడానికి గంటన్నర పడితే దిగడానికి రెండు గంటలు పెట్టుకో. ఒళ్లు అలసి ఉంటే ఆ రోజు మానేయ్. మొత్తం కలిపి తొమ్మిది వందల కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ అవుతుంది.

మిగతావి చిన్నవి. బండి అద్దెకిచ్చేవాళ్లకు పాస్‌పోర్టు వదలొద్దు, డబ్బు డిపాజిట్ కట్టు. ఇన్సూరెన్సు పాలసీలో టూవీలర్ కవరవుతుందా, ఎన్ని సీసీల వరకు అన్నది చదివి నాకు చెప్పు. కొండల్లో ట్యాంకు సగానికి రాగానే నింపుకో. టూరిస్టు పోలీసు 1155, అంబులెన్సు 1669, ముగ్గురి ఫోన్లలోనూ వేసుకోండి. మీ అమ్మకు తిండి బెంగ. అక్కడ కూరగాయల వంటలో కూడా చేపల సాస్ వేస్తారట. "జే" అని అడిగితే మాంసం, చేప ఏదీ లేకుండా చేస్తారు. ఆ ఒక్క మాట నేర్చుకున్నావని ఫోను చేసి మీ అమ్మకు చెప్పు.

నీ లైసెన్సు అడ్రసు తిరుపతిదే కాబట్టి పర్మిట్‌కు ఇక్కడే అప్లై చేయాలి. ఫీజు వెయ్యి రూపాయలు, ఏడాది చెల్లుతుంది. అందులో మోటార్‌సైకిల్ గడి దగ్గర ముద్ర పడిందో లేదో నేను పక్కనుండి చూస్తాను. వచ్చే శనివారం బండి మీదే వచ్చేయ్. మొగిలి ఘాట్ వెలుతురుండగానే దాటు. ఆదివారం తెల్లవారి ఐదున్నరకు తలకోనకు పోదాం. భాకరాపేట ఘాట్‌లో ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ నువ్వే నడుపు, నేను వెనక కూర్చుంటాను. నువ్వు గేరు ఎక్కడ మారుస్తున్నావో వింటాను, అడవి కూడా చూస్తాను. మీ అమ్మ ఇడ్లీ, చెనిక్కాయల చట్నీ కట్టిస్తానంది.

ఆశీస్సులతో,
నాన్న