శాసనసభ్యుని లెక్క పల్లెకు చేరాలి

సంపాదకునికి నమస్కారం.

మన రాష్ట్రంలో శాసనసభ అభ్యర్థి ఎన్నికల ఖర్చు రూ.40 లక్షలు దాటరాదని, ఫలితం వెలువడిన 30 రోజుల్లోగా లెక్క అప్పగించాలని నిబంధన ఉంది. పార్టీల ఖర్చుకు మాత్రం పరిమితే లేదు. నాకు ఇదే పెద్ద లోపంగా కనిపిస్తుంది. విరాళాల వివరాలు తెలుసుకోవడం ఓటరు హక్కని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న పేరు బయటపడకుండా పార్టీలకు విరాళాలిచ్చే ఎన్నికల బాండ్ల పథకాన్ని కొట్టివేస్తూ స్పష్టం చేసింది. ఆ హక్కు రాయదుర్గం, కళ్యాణదుర్గం ప్రాంతాల వేరుశనగ రైతుకు నిజంగా అందాలంటే, తమ శాసనసభ్యుని ఖర్చు లెక్కతో పాటు సభకు ఎన్ని రోజులు హాజరయ్యారో, ఏ బిల్లుపై మాట్లాడారో, హంద్రీ-నీవా సాగునీటి పథకం నీటిపై ఎన్ని ప్రశ్నలు వేశారో తెలుగులో రాసి, ప్రతి గ్రామ సచివాలయం గోడపై ఏటా అంటించాలని అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఓటరు, అనంతపురం