మా మావయ్యగారు లేచి తిరుగుతున్నారు, అందరికీ దణ్ణాలు

కరోనా వచ్చి మంచాన పడ్డ మా మావయ్యగారు నిన్న పొద్దున్న తనంతట తానే మంచం దిగి, గోడ పట్టుకోకుండా బాల్కనీ దాకా వచ్చి, కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. అరగంట పోయాక లోపలికి పిలిచి, మాస్కు లేకుండా వీధిలో వెళ్లినవాళ్లు పదకొండు మంది అని లెక్క చెప్పారు. ఆ మాట విన్నాక, ఇక ఈ నాలుగు ముక్కలు రాయొచ్చని ధైర్యం వచ్చింది.

మాది రాజమండ్రి. మావయ్యగారు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. డెబ్బై నాలుగేళ్లు. ఉబ్బసం ఎప్పటినుంచో ఉంది, ఇన్‌హేలర్ దిండు కిందే ఉంటుంది. మా ఆయన కువైట్‌లో ఉన్నారు. వస్తే మళ్లీ ఎప్పుడు వెళ్లనిస్తారో తెలియని పరిస్థితి. ఇంట్లో మావయ్యగారు, నేను, ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయి. అందుకే 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ నాడు వేసిన తలుపు మళ్లీ సరిగ్గా తీయలేదు.

నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. గుడ్డ, కొలత జాకెట్టు సంచిలో పెట్టి గేటుకి తగిలించి వెళ్లమనేదాన్ని. రెండు రోజులు ఎండలో ఆరేశాకే ముట్టుకునేదాన్ని. చంక దగ్గర పట్టేసిందన్నా లోపలికి రానిచ్చి కొలత తీసేదాన్ని కాదు. సగం మంది వేరే టైలర్ల దగ్గరికి వెళ్లిపోయారు. కూరగాయలకి రెండో అంతస్తు నుంచి తాడు కట్టి బుట్ట దించడం చూసి వీధి వీధంతా నవ్వింది. "మీ ఇంటికి కరోనా కూడా అపాయింట్‌మెంట్ తీసుకునే రావాలి" అన్నారు ఒకావిడ. 2021 సంక్రాంతికి కేసులు బాగా తగ్గినప్పుడైతే, "అది ఎప్పుడో పోయిందమ్మా, నీకెవరూ చెప్పలేదా?" అని మా చుట్టాలే ఫోన్ చేసి మరీ వెక్కిరించారు.

ఏప్రిల్ నెలాఖరులో మా కింద వాటా అన్నయ్యగారు వాళ్లమ్మాయి పెళ్లి శుభలేఖ పట్టుకుని పైకొచ్చారు. మాస్కు గడ్డం మీద ఉంది. దగ్గుతున్నారు. "ఏం లేదమ్మా, ఎలర్జీ" అన్నారు. శుభలేఖ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మనిషిని లోపలికి రావద్దని ఎలా అంటాం? అనలేకపోయాను. మావయ్యగారి పక్కన కూర్చుని పావుగంట కబుర్లు చెప్పారు. కాఫీ ఇచ్చింది కూడా నేనే. నాలుగో రోజున అన్నయ్యగారికి పాజిటివ్ అని వాచ్‌మన్ ద్వారా తెలిసింది. ఆయన వల్లే మా ఇంటికి వచ్చిందని నేను ఒట్టేసి చెప్పలేను. పాలప్యాకెట్టు తెచ్చుకోవడానికి నేనూ రోజూ మెట్లు దిగుతున్నాను కదా. కానీ ఆ పావుగంట నా మనసులోంచి పోలేదు.

మే 1న మావయ్యగారికి జ్వరం. మర్నాడు నాకు. పోపులో ఇంగువ వేస్తే వాసన రాలేదు. డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నా ఏమీ లేదు. శాంపిల్ ఇచ్చిన మూడు రోజులకి మెసేజ్ వచ్చింది, ఇద్దరికీ పాజిటివ్. అబ్బాయికి నెగెటివ్. వాణ్ణి ముందు గదిలో పెట్టి తలుపు వేసేశాను. రైస్ కుక్కర్‌లో నీళ్లెన్ని పోయాలో తలుపు ఇవతల నుంచి చెప్తే వాడు అవతల వండుకున్నాడు. మొదటిరోజు జావ, రెండోరోజు పలుకు. మూడోరోజు నుంచి బానే ఉంది.

ఇక దణ్ణాలు. పేర్లు రాయొద్దని చాలామంది గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు, ఎవరికి వాళ్లకి తెలుస్తుంది.

మా వార్డు సచివాలయం నర్సు ఏఎన్‌ఎం గారికీ, ఆశా కార్యకర్త అమ్మకీ. ఆ ఎండలో మెట్లెక్కి వచ్చి, గుమ్మం బయట కుర్చీలో మందుల కిట్ పెట్టి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఓపిగ్గా చెప్పారు. రోజూ రెండుపూటలా ఫోన్ చేసి ఆక్సిజన్ ఎంతుందని అడిగారు. వార్డు వాలంటీర్ అమ్మాయి వేలికి పెట్టి ఒంట్లో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటర్ తన సొంతది తెచ్చిచ్చింది. అప్పటికి మందుల షాపుల్లో అవి దొరకడం లేదు. మావయ్యగారు వేలు పెట్టి, "బండి లైటు ఇంకా వెలుగుతోందమ్మా, భయపడకు" అనేవారు.

మా చెత్త విడిగా కట్టి చీటీ అంటిస్తే, ముఖం చిట్లించకుండా తీసుకెళ్లిన మున్సిపాలిటీ అక్కకి. పదిరోజులు రెండుపూటలా క్యారేజీ గేటుకి తగిలించి వెళ్లిన టీచరుగారికి. ఆవిడ జాకెట్లు నా దగ్గర మార్చి నుంచీ అలాగే పడున్నాయి, ఒక్కసారి కూడా అడగలేదు. నాకు రుచీ వాసనా లేకపోయినా ఆ చారు వేడిగా గొంతులోకి దిగుతుంటే ప్రాణం లేచొచ్చేది.

మే 9 రాత్రి ఆక్సీమీటర్‌లో మావయ్యగారి ఆక్సిజన్ 91కి పడిపోయింది. వేళ్లు చల్లబడ్డాయేమోనని రుద్ది మళ్లీ పెట్టాను. 91. కరోనా హెల్ప్‌లైన్ 104కి ఫోన్ చేస్తే పేరు రాసుకున్నారు. బెడ్ ఖాళీ అవగానే చెప్తామన్నారు. పాపం ఆ ఫోనెత్తినమ్మాయి గొంతు అప్పటికే బొంగురుపోయి ఉంది. మా వీధిలోనే పుట్టి పెరిగి, ఇప్పుడు కాకినాడలో పనిచేస్తున్న డాక్టరమ్మ వీడియో కాల్‌లోకి వచ్చి, ఆయన్ని బోర్లా పడుకోబెట్టమంది. మెడ కింద ఒక దిండు, గుండె నుంచి తొడల దాకా రెండు, పిక్కల కింద రెండు. మా ఇంట్లో ఉన్నవి నాలుగే. ఐదోది లైనింగ్ గుడ్డల మూట. గంట తిరిగేసరికి 93 అయింది. అమ్మా, నువ్వు ఆ రోజు డ్యూటీ దిగి అన్నం కూడా తినలేదని మీ అమ్మగారు తర్వాత చెప్పారు.

ఆ రాత్రే, కర్ఫ్యూలో పోలీసులకి చెప్పుకుని, ఎక్కడినుంచో గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే కాన్‌సన్‌ట్రేటర్ మిషను తెచ్చి గుమ్మంలో పెట్టిన ఇద్దరు కుర్రాళ్లెవరో నాకిప్పటికీ తెలీదు. మాస్కుల వల్ల ముఖాలు చూడలేదు. డబ్బులివ్వబోతే, "మిషను వెనక్కిచ్చేటప్పుడు ఫిల్టరు కడిగివ్వండి ఆంటీ, చాలు" అన్నారు. కడిగే ఇచ్చాను నాయనా.

మర్నాడు రాత్రి పదింటికి కరెంటు పోయింది. కాన్‌సన్‌ట్రేటర్ కరెంటు లేకపోతే ఉత్త డబ్బా. నేను బాల్కనీలోకి వచ్చి ఏమని అరిచానో నాకే గుర్తులేదు. పది నిమిషాల్లో మెట్ల మీద చప్పుడు. కింద వాటా అన్నయ్యగారు, వాళ్లబ్బాయి, వాళ్లింటి ఇన్వర్టరు ఊడదీసి పట్టుకొస్తున్నారు. బ్యాటరీ యాభై కిలోలకి తక్కువుండదు, తువ్వాలు కింద నుంచి వేసి చెరో కొసా పట్టుకున్నారు. ఆయన ఐసొలేషన్ అయిపోయి అప్పటికి రెండు రోజులే. మలుపు మలుపుకీ దించి, రొప్పి, మళ్లీ ఎత్తారు. ఆ చీకట్లో సెల్‌ఫోన్ వెలుగులో వైర్లు కలిపారు. మిషను మళ్లీ బుసబుస మొదలెట్టాకే గోడకి ఆనుకుని కూలబడ్డారు. ఈసారి మాస్కు ముక్కు మీదే ఉంది.

ఆ ఇన్వర్టరు వారం రోజులు మా ఇంట్లోనే ఉంది. మే నెల ఉక్కలో కరెంటు పోయినప్పుడల్లా వాళ్లింటిల్లిపాదీ డాబా మీద చాపలేసుకుని పడుకున్నారు. అమ్మాయి పెళ్లి ఎటూ వాయిదా పడింది.

అన్నయ్యగారూ, ఇది మీరు చదువుతారని తెలిసే రాస్తున్నాను. దగ్గుతూ మా ఇంట్లోకి వచ్చినందుకు, పాజిటివ్ అని తెలిశాక ఒక్క ఫోన్ చేయనందుకు మీ మీద కోపం నాకింకా ఉంది. పోయిందని అబద్ధం చెప్పలేను. ఆ రాత్రి మీరు మోసుకొచ్చిన బరువుకి మా ఇంట్లో దీపం నిలబడింది. అదీ అబద్ధం కాదు. మావయ్యగారికి ఈ సంగతులేవీ పట్టలేదు. "వాళ్లమ్మాయి పెళ్లికి ముందు వరసలో నాకో కుర్చీ వెయ్యమను, అందరికీ దూరంగా" అంటున్నారు.

12వ తేదీన 104 నుంచి బెడ్ ఉందని ఫోన్ వచ్చింది. అప్పటికి 95 దగ్గర నిలకడగా ఉంటోంది. డాక్టరమ్మని అడిగితే ఇంట్లోనే ఉండొచ్చంది. ఆ బెడ్ వేరేవాళ్లకి ఇవ్వమన్నాం. 16న ఆక్సిజన్ తీసేశాం. మొన్న పప్పుకి పోపు పెడుతుంటే ఇంగువ వాసన వచ్చింది, స్టవ్ ముందే నిలబడి ఏడ్చేశాను.

వాలంటీర్ అమ్మాయి ఆక్సీమీటర్ ఇంకా నా దగ్గరే ఉంది, అవసరమైన వాళ్లకి ఇవ్వమంది. రాత్రైనా సరే, గేటు దగ్గర నుంచి ఒక కేకెయ్యండి, బుట్టలో పెట్టి దించుతాను. ఏఎన్‌ఎం గారూ, ఆశా అమ్మా, మీ కొలత జాకెట్లు కూడా ఆ బుట్టలోనే వేసి పంపండి. టీచరుగారివి ఈ ఆదివారానికి ఇచ్చేస్తాను.