బోర్లించిన పళ్లెం

మిల్వాకీ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మిత్రమా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. ఇన్నాళ్లూ జవాబు ఎందుకు రాయలేదో చెబితే నవ్వుతావు. ఒక గడ్డి కోసే డెక్కుతో కాపురం చేస్తున్నాను. మా ఆవిడ మాటే ఇది, నాది కాదు.

పక్కింటి పెద్దాయన నిరుడు ఇల్లు అమ్ముకొని కూతురి దగ్గరికి వెళ్లిపోతూ తన షెడ్డులోని చిన్న ట్రాక్టరును 200 డాలర్లకు నాకిచ్చాడు. జాన్ డీర్ 140. 1968 నుంచి 1974 దాకా ఇక్కడికి గంట దూరంలోని హొరికాన్ అనే ఊళ్లో తయారైన రకం. ఆ రోజుల్లో ఎరుపు, నారింజ, నీలం, పసుపు బానెట్లతో కూడా అమ్మారట, ఇంటి ఆడవాళ్లకు నచ్చాలని! పెద్దాయనది మాత్రం మామూలు ఆకుపచ్చే. తాళం రెండోసారి తిప్పగానే ఇంజను పలికింది. ఇక అంతా సుఖమే అనుకున్నాను.

ట్రాక్టరు కింద ముందు, వెనక చక్రాల మధ్య బోర్లించిన పళ్లెంలా వేలాడేదే డెక్కు. మన రోటవేటరులో ఇరుసు అడ్డంగా తిరిగి మట్టిని చీలుస్తుంది కదా, ఇందులో మూడు ఇరుసులు నిలువుగా ఉండి, ఒక్కొక్కటీ అడుగున ఒక బ్లేడును తిప్పుతుంది. మూడింటినీ కలిపి తిప్పేది ఒక బెల్టు. మొత్తం వెడల్పు 48 అంగుళాలు.

దాన్ని విప్పి తిరగేస్తే అడుగుభాగం బాగానే ఉంది. పెద్దాయన ఏటా గీకి శుభ్రం చేసేవాడట. దెబ్బంతా పైన ఉంది! బెల్టు మూతల కింద తడి గడ్డి చేరి, ఎన్నేళ్లుగానో పేడముద్దలా గట్టిపడిపోయింది. దాని కింద రేకు తడి ఆరనే లేదు. స్క్రూడ్రైవరుతో పొడిస్తే అప్పడంలా విరిగింది. కనపడే వైపు ఏటా గీకాడు, మూత తీసి మాత్రం ఎప్పుడూ చూడలేదు పాపం. కొత్త డెక్కు కొనుక్కో అని అందరూ అన్నారు. లెక్క ప్రకారం వాళ్లదే సబబు. కానీ నా సంగతి నీకు తెలుసు.

తుప్పు వదిలించడానికి ఏం చేశానో విను. పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ తొట్టెలో నీళ్లు నింపి, బట్టల సోడా కలిపి, డెక్కును ముంచాను. పనికిరాని ఇనుప ముక్కలు చుట్టూ వేలాడదీసి, బ్యాటరీ ఛార్జరు పెట్టాను. డెక్కుకు నలుపు తీగ, ముక్కలకు ఎరుపు తీగ. అటుదిటైతే తుప్పు బదులు డెక్కే కరిగిపోతుంది. అందుకే ఇంటర్ ప్రయోగశాలను తలచుకుని మూడుసార్లు చూసుకున్నాను. స్టెయిన్‌లెస్ స్టీలు ముక్కలు మాత్రం వాడకూడదు, నీళ్లలోకి విషపు క్రోమియం దిగుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి గ్యారేజీలో కాకుండా ఆరుబయట పెట్టాను. రెండో రోజుకు నీళ్ల మీద పులిసిన పిండిలా గోధుమరంగు నురుగు తేలింది. తీసి చూస్తే తుప్పు నల్లటి మెత్తటి పొడిగా మారి, బ్రష్షుకే రాలిపోయింది. ఆ సాయంత్రం కొత్త పెళ్లికొడుకులా ఇల్లంతా తిరిగానురా.

అసలు తప్పు ఆ తర్వాత చేశాను. చిల్లులు పడ్డచోట కోసేసి, 3 మిల్లీమీటర్ల రేకు అతికించాను. తొందరలో ఒకే వరసలో చివరిదాకా వెల్డింగు లాగేశాను. నువ్వు పక్కనుంటే చేతిలోని రాడ్డు లాక్కునేవాడివి. చుక్కలు పెట్టుకుంటూ, ఒకచోట చల్లారేలోగా ఇంకోచోట వేసుకుంటూ పోవాలని మీ నాన్నగారు ఎన్నిసార్లు చెప్పారు! రేకు వేడికి ముడుచుకుంది. స్కేలు ఆనిస్తే మధ్య ఇరుసు కూర్చునే చోటు ఒకవైపు వాలింది. అదే వాలుతో బిగిస్తే పచ్చికలో మెట్లు కనపడతాయి. సుత్తి, జాకీ, బూతులు, మూడూ వాడి రెండు శనివారాల్లో సరిచేశాను.

బేరింగుల దగ్గర మాత్రం మీ నాన్నగారు చెప్పిన పాఠం మరవలేదు. "గూట్లోకి దించేటప్పుడు బయటి రింగు మీదే దెబ్బ, లోపలి రింగు మీద పడిందా, బేరింగు పోయినట్టే" అనేవారు గుర్తుందా? కొత్త బేరింగులను రాత్రంతా ఫ్రీజరులో గోంగూర డబ్బా పక్కన పెట్టాను. గూళ్లను ఓవెన్‌లో 90 డిగ్రీలకు వేడిచేశాను. ఒకటి ముడుచుకుంది, ఒకటి విచ్చుకుంది. చేత్తో పెడితే 'టక్' మని దిగిపోయింది, సుత్తి అవసరమే రాలేదు. ఓవెన్‌లో గ్రీజు వాసన వారం రోజులు పోలేదు. ఆ వారమంతా మా ఆవిడ నాతో మాట్లాడలేదు. రెండింటికీ సంబంధం లేదంటుంది.

బ్లేడ్లకు పదును పెట్టి, మేకుకు తగిలించి తూకం చూశాను. ఏ వైపు వంగితే ఆ వైపు కొంచెం అరగదీశాను. ఇందులో బద్ధకం పనికిరాదు. ఇక్కడి భద్రతా ప్రమాణంలో బ్లేడు కొస వేగానికి హద్దు నిమిషానికి 19,000 అడుగులు, అంటే గంటకు దాదాపు 350 కిలోమీటర్లు. తూకం తప్పిన కత్తి ఆ వేగంతో తిరిగితే కొత్త బేరింగులు ఎన్నాళ్లుంటాయి?

నిన్న కోశాను. డెక్కు ముందు అంచును వెనకకంటే అయిదారు మిల్లీమీటర్లు దించి కట్టాను. పచ్చిక చక్కగా తెగింది. పెద్దాయనకు ఫోటో పంపితే, "మూతలు తీసి చూస్తున్నావా?" అని మాత్రం జవాబు ఇచ్చాడు.

ఒక్కటే మిగిలింది. డెక్కు ముందుండే చిన్నచక్రాల బుష్షులు, అంటే ఇరుసు దూరే గొట్టాలు, కోడిగుడ్డులా అరిగిపోయాయి. కొలతలు ఈ కాగితం వెనక గీశాను. ఆటోనగర్‌లో నీ లేతు మీద నాలుగు ఇత్తడి బుష్షులు తిప్పి, వచ్చే నెల మా అక్క వచ్చేటప్పుడు ఆమెకివ్వు. లోపలి వ్యాసం మాత్రం ఒక పిసరు తక్కువగా ఉంచు, ఇక్కడ నేను రీమరుతో సరిపోయేదాకా తొలుచుకుంటాను.

నీ
నేను