మీకు చేయి అందించినవాళ్ల గురించి రాయండి

అందరికీ నమస్కారం. ఈ వారం గ్రూపులో ఒకే విషయం మాట్లాడుకుందాం: ఎవరో చేసిన చిన్న మేలు మన చదువునో, ఉద్యోగాన్నో ఎలా మలుపు తిప్పిందో.

నాకు ముందుగా ఇంగ్లండ్ శాస్త్రవేత్త మైకేల్ ఫారడే గుర్తొస్తాడు. పేదింటి కుర్రాడు, పుస్తకాలకు అట్టలు కుట్టే దుకాణంలో పని నేర్చుకునేవాడు. బైండింగుకు వచ్చిన పుస్తకాలు చదువుకుంటానంటే యజమాని కాదనలేదు (నా దృష్టిలో ఇదే అసలైన మేలు). 1812లో అక్కడికి వచ్చే విలియం డాన్స్ అనే ఆయన, రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు ఫారడేకి టికెట్లు ఇచ్చాడు. ఫారడే విన్నదంతా రాసుకుని, బొమ్మలు గీసి, తన చేత్తోనే బైండు చేసి డేవీకి పంపాడు. మరుసటి ఏడాది డేవీ దగ్గరే సహాయకుడిగా చేరాడు. 1831లో విద్యుదయస్కాంత ప్రేరణ (తీగచుట్ట దగ్గర అయస్కాంతాన్ని కదిపితే కరెంటు పుట్టడం) కనిపెట్టింది ఈ ఫారడేనే.

ఫ్రెంచ్ రచయిత ఆల్బేర్ కామూ సంగతీ అంతే. తండ్రి యుద్ధంలో పోయాడు, ఇంట్లో పనికి పంపాలనుకున్నారు. బడి మాస్టారు లూయీ జెర్మేన్ డబ్బు తీసుకోకుండా విడిగా పాఠాలు చెప్పి స్కాలర్‌షిప్ పరీక్ష రాయించారు. 1957లో నోబెల్ వచ్చాక, అమ్మ తర్వాత మొదట గుర్తొచ్చింది మీరేనంటూ కామూ ఆయనకు ఉత్తరం రాశాడు.

మీ అనుభవం రాసేటప్పుడు పేర్లు అక్కర్లేదు. ఆ మనిషి ఏం చేశారో మాత్రం వివరంగా చెప్పండి: ఫీజు కట్టారా, సిఫారసు చేశారా, ఓపిగ్గా కూర్చుని నేర్పారా? టైప్ చేయడం కష్టమైతే వాయిస్ మెసేజ్ పెట్టండి. ఆ మనిషి ఇప్పటికీ అందుబాటులో ఉంటే, ముందు వాళ్లకు ఫోన్ చేసి తర్వాత ఇక్కడ రాయండి.