చీటర్ మళ్లీ ఆడుతున్నాడు, మా సిస్టమ్ మాత్రం బ్యాన్‌లో ఉంది

గేమ్ కంపెనీ ఫిర్యాదుల అధికారి గారికి,

తిరుపతి నుంచి ఒక గేమింగ్ సెంటర్ నిర్వాహకుడు రాస్తున్న ఫిర్యాదు.

విషయం: చీటర్ల (గేమ్‌లో మోసపు సాఫ్ట్‌వేర్, అంటే చీట్లు వాడేవాళ్ల) మీద కొట్టిన రిపోర్టులకు జవాబు లేకపోవడం, తప్పు చేయని ఆటగాడి అకౌంట్‌నూ మా కంప్యూటర్‌నూ బ్యాన్ చేయడం గురించి.

నమస్కారం.

మా సెంటర్ బాలాజీ కాలనీ దగ్గర ఉంది. యూనివర్సిటీ హాస్టళ్ల పిల్లలు, రూములు తీసుకుని కోచింగ్‌కి వెళ్లేవాళ్లు మా దగ్గరికి వస్తారు. ఆదివారమైతే శ్రీకాళహస్తి, పుత్తూరు నుంచి కూడా బస్సెక్కి వస్తారు. మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ ఇంట్లో కొనుక్కునే స్తోమత వీళ్లలో చాలామందికి లేదు. గంటకి నలభై రూపాయలు ఇచ్చి ఆడుకుంటారు. అందులో ఎక్కువమంది ఆడేది మీ గేమే.

కొంతకాలంగా ర్యాంక్ మ్యాచ్‌లు, అంటే గెలుపోటములను బట్టి పాయింట్లు పెరిగి తగ్గే మ్యాచ్‌లు, ఆడాలంటేనే పిల్లలకి టెన్షన్‌గా ఉంది. ఓడిపోతామని కాదు. ఎదుటి టీమ్‌లో హ్యాకర్ ఉంటే అరగంట పైన కష్టపడిందంతా వృథా అవుతుందని. ఒక రీప్లే ఈ లేఖతో జత చేస్తున్నాను. దయచేసి మనిషి ఎవరైనా కూర్చుని చూడండి. మావాడు పొగ గ్రెనేడ్ వేసి, గోడ వెనక కదలకుండా కూర్చున్నాడు. అడుగుల చప్పుడు లేదు, తూటా పేల్చలేదు. ఎదుటి ఆటగాడి గురి మాత్రం ఆ గోడ మీదే, సరిగ్గా మావాడి తల ఎత్తులో ఆగి ఉంది. మావాడు లేస్తే గురి పైకి లేస్తుంది, కూర్చుంటే కిందికి దిగుతుంది, పక్కకి జరిగితే తనూ జరుగుతుంది. మూల దాటి తల బయటపెట్టగానే ఒక్క తూటా. ఆ మ్యాచ్ అంతా ఇదే వరస. మా టీమ్ ఐదుగురూ రిపోర్ట్ కొట్టారు. "మీ సహకారానికి ధన్యవాదాలు" అని ఆటోమేటిక్ మెసేజ్ వచ్చింది. అంతే. అదే పేరుతో అదే మనిషి మరుసటి వారం కూడా లాబీలో కనబడ్డాడు.

ఇక మా నాలుగో నంబర్ సిస్టమ్ సంగతి. కొత్తగా వచ్చిన ఒకతను దాని మీద వాల్‌హ్యాక్, అంటే గోడల వెనకున్న శత్రువుల్ని చూపించే చీట్, దించుకుని ఆడాడు. పక్క సీటు కుర్రాడు గమనించి చెబితే అప్పటికప్పుడే అతన్ని లేపి పంపించేశాను. మా సిస్టమ్‌లన్నీ రీస్టార్ట్ చేస్తే మొదటి స్థితికి వచ్చేస్తాయి కాబట్టి అతను దించిన ఫైలు ఆ పూటే పోయింది. మీ హార్డ్‌వేర్ బ్యాన్, అంటే కంప్యూటర్‌కే పడే నిషేధం, మాత్రం కొన్ని రోజుల తర్వాత వచ్చి ఆ మదర్‌బోర్డుకి అతుక్కుంది. అప్పుడు ఆ సీట్లో కూర్చున్నది శ్రీకాళహస్తి నుంచి వచ్చే డిగ్రీ కుర్రాడు. లాగిన్ అయ్యాడు, కాసేపటికే అతని అకౌంట్ కూడా పోయింది. పండగలకి ఇంట్లో ఇచ్చిన డబ్బులు దాచుకుని కొన్న గన్ స్కిన్లు (గేమ్‌లోని తుపాకులకి వేసుకునే రంగుల డిజైన్లు), రెండేళ్లుగా సంపాదించుకున్న ర్యాంక్, అన్నీ దాంట్లోనే ఉన్నాయి. "అన్నా, నేనేం చేశాను?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉండాలి.

అసలు చీటర్ ఏమయ్యాడంటే, వేరే చోటి నుంచి కొత్త అకౌంట్‌తో హాయిగా ఆడుతున్నాడు. మైక్‌లో గొంతు విని మా పిల్లలు గుర్తుపట్టారు. గేమ్ ఉచితం, కొత్త అకౌంట్ తెరవడానికి ఒక ఈమెయిల్ చాలు. మదర్‌బోర్డు, డిస్క్ నంబర్లు మార్చి చూపించే స్పూఫర్లు చీట్లు అమ్మేవాళ్ల దగ్గరే దొరుకుతాయి. అంటే హార్డ్‌వేర్ బ్యాన్‌ని దాటడం తెలిసినవాడు దాటిపోతున్నాడు, అలాంటివి చేతకాని, చేయకూడదనుకునే పిల్లలు ఇరుక్కుంటున్నారు. దొంగ పారిపోయాడని అతను దిగిన లాడ్జి గదికి సీలు వేసి, తర్వాత దిగిన యాత్రికుణ్ని జైల్లో పెట్టినట్టుంది ఇది.

చీట్లను పట్టుకోవడం తేలిక కాదని నాకు తెలుసు. పట్టుకున్న వెంటనే కాకుండా ఒకేసారి గుంపుగా బ్యాన్లు ఎందుకు వేస్తారో కూడా తెలుసు. ఏ చీట్ ఎప్పుడు దొరికిందో తయారుచేసినవాళ్లకి అంతు చిక్కకూడదని. ఆ పద్ధతిని నేను తప్పుపట్టను. కానీ ఆ ఆలస్యంలో షేర్డ్ కంప్యూటర్ మీద మనిషి మారిపోతాడు. ఆ సమయంలో ఆ సీట్లో ఎవరున్నారో మా రిజిస్టర్‌లో పేరు, ఫోన్ నంబర్, టైముతో సహా ఉంది, సీసీ కెమెరా ఫుటేజీ ఉంది. అవసరమైతే చూపిస్తానని మీ సపోర్ట్‌కి రాశాను. "మా నిర్ణయం అంతిమం" అన్న ఒక్క వాక్యంతో టికెట్ మూసేశారు. నేను పంపిన ఆధారం తెరిచి చూసినట్టు కూడా అందులో లేదు.

వేరే గేముల వాళ్లు చేస్తున్న పనులు కళ్లముందే ఉన్నాయి. కౌంటర్ స్ట్రైక్‌లో 2013లోనే అనుభవమున్న ఆటగాళ్ల చేత అనుమానాస్పద మ్యాచ్‌ల రీప్లేలు చూపించి తీర్పు తీసుకునే ఏర్పాటు పెట్టారు. 2020లో వచ్చిన వాలరెంట్‌లో, కంటికి కనబడే అవకాశం లేని శత్రువు ఎక్కడున్నాడో సర్వర్ ఆటగాడి కంప్యూటర్‌కి పంపకుండా వీలైనంతవరకు ఆపుతుంది. కంప్యూటర్‌కే రాని సమాచారాన్ని వాల్‌హ్యాక్ ఎక్కణ్నుంచి చూపిస్తుంది? దక్షిణ కొరియా అయితే 2016లో చట్టమే సవరించి చీట్లు తయారుచేయడాన్ని, పంచడాన్ని శిక్షార్హం చేసింది. మీరు మాత్రం విండోస్‌తో పాటే లేచి కూర్చుని చీట్ల కోసం కాపలా కాసే యాంటీ చీట్ డ్రైవర్‌ని మా సిస్టమ్‌లన్నిట్లో పెట్టమన్నారు. పెట్టాను. అంత లోపలిదాకా రానిచ్చినవాళ్లకి ఒక వివరమైన జవాబు ఇవ్వడం మీ బాధ్యత.

ఇంకో మాట కూడా చెప్పాలి. 2018లో షాంఘైలో జరిగిన కౌంటర్ స్ట్రైక్ పోటీలో మన దేశపు ఆటగాడొకడు చీట్‌తో దొరికిపోయాడు. ఆ ఫైలుకి వర్డ్ అని పేరు పెట్టుకున్నాడు. నిర్వాహకులు అతని కంప్యూటర్ దగ్గరికే వచ్చి చూసి పట్టుకున్నారు. టీమ్ మొత్తం పోటీ నుంచి పోయింది, అతనికి ఐదేళ్ల నిషేధం పడింది. దానివల్ల తలదించుకోవాల్సి వచ్చింది నిజాయితీగా ఆడే మన పిల్లలే. మా సెంటర్‌లో ఎవడైనా చీట్ వాడితే నేనే ముందు పంపించేస్తాను. బ్యాన్లు వద్దని నేను అడగడం లేదు. తప్పు చేసినవాడికే పడాలంటున్నాను.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. జతచేసిన రిజిస్టర్ పేజీ చూసి, ఆ కుర్రాడి అకౌంట్‌నీ మా సిస్టమ్‌నీ విడిపించండి. మా సెంటర్‌ని షేర్డ్ కంప్యూటర్లున్న చోటుగా నమోదు చేసుకుని, ఇకపై బ్యాన్ ఆ రోజు ఆడిన అకౌంట్‌కి, దాని ఫోన్ నంబర్‌కి పడేలా చూడండి. అసలు ర్యాంక్ మ్యాచ్‌కి ఫోన్ వెరిఫికేషన్ తప్పనిసరి చేస్తే అకౌంట్ మార్చుకుని వచ్చేవాళ్లు చాలా తగ్గుతారు. ఐదుగురు ఒకే మ్యాచ్ మీద రిపోర్ట్ కొడితే మనిషి చేత చూపించి, ఫలితం ఏమిటో కొట్టినవాళ్లకి తెలపండి. చీటర్ అని తేలితే, వాడి చేతిలో ఓడినవాళ్లకి పోయిన పాయింట్లు తిరిగి ఇవ్వండి.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆ కుర్రాడు డబ్బు పెట్టి మీ దగ్గర స్కిన్లు కొన్న వినియోగదారుడు. గడువులోగా జవాబు రాకపోతే అతని చేత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయించి ఫిర్యాదు నమోదు చేయిస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కొన్నవాడు ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. అక్కడిదాకా వెళ్లడానికి అతని తండ్రి కూడా సిద్ధంగా ఉన్నారు.

జత: రీప్లే ఫైలు, రిజిస్టర్ పేజీ, మీ సపోర్ట్ ఇచ్చిన జవాబు, స్కిన్లు కొన్న రసీదులు.

ఇట్లు,
గేమింగ్ సెంటర్ నిర్వాహకుడు,
తిరుపతి.