శిఖం వైపు బురదను వదిలేయండి

సంపాదకులకు,

హైదరాబాద్ చెరువుల సుందరీకరణ అంటే నీటి అంచు చుట్టూ రాతి రివిట్‌మెంట్, దానిపైన నడక దారి, దీపాలు అన్నట్టుగా తయారైంది. ఆ రాళ్ల కింద కప్పబడిపోయేది ఉల్లంకి పిట్ట మేత. పక్షులు చూసేవాళ్లు స్నైప్ అంటారు.

ఉత్తర ఆసియా, ఐరోపా చిత్తడి నేలల్లో గూడు పెట్టే ఈ పిట్ట సెప్టెంబరు, అక్టోబరుల్లో మనవైపు వచ్చి మార్చి, ఏప్రిల్ దాకా ఉంటుంది. బరువు సుమారు 100 గ్రాములు. ముక్కే 6, 7 సెంటీమీటర్లు. దాన్ని బురదలో మొదలంటా దించి, మెత్తటి కొసతో వానపామునో పురుగునో తడిమి పడుతుంది. చిన్నదైతే ముక్కు పైకి తీయకుండానే మింగుతుంది. నేల గట్టిపడితే ముక్కు దిగదు. కాళ్లు పొట్టివి, నీళ్లు రెండు మూడు అంగుళాలు దాటితే మేయలేదు. చలికాలమంతా చెరువు నీరు తగ్గేకొద్దీ శిఖం వైపు, అంటే కట్టకు ఎదురుగా నీరు లోతు లేకుండా పరుచుకునే వైపు, రోజూ ఇంత కొత్త బురద తేలుతుంది, పిట్ట ఆ అంచు వెంటే జరుగుతూ మేస్తుంది. నిటారు గోడ కట్టాక నీరు గోడ వెంబడే కిందికి దిగుతుంది, బురద తేలదు. చెరువును ఏడాదంతా నిండుగా ఉంచినా అదే నష్టం.

పగలు ఇది తుంగలో నక్కి ఉంటుంది. ఒంటిమీది గోధుమరంగు చారలు ఎండుగడ్డిలో కలిసిపోతాయి, కాలికి తగిలేంత దగ్గరికి వెళ్తే తప్ప లేవదు. కాబట్టి మధ్యాహ్నం వచ్చి చూసి ‘ఇక్కడ పిచ్చిగడ్డి తప్ప పక్షుల్లేవు’ అని రాసుకోవడం పొరపాటు. తెల్లవారుజామునో పొద్దుగూకాకో చూడాలి. గుర్రపుడెక్క తీయాల్సిందే, దాంతోపాటు తుంగనూ జేసీబీతో ఊడ్చేయడమే తప్పు.

10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్ జోన్, అంటే కట్టడాలు లేకుండా వదలాల్సిన జాగా ఉంది. అది ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు) బయటి సంగతి. ఈ బురద ఎఫ్‌టీఎల్ లోపలిది. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన అమీన్‌పూర్ చెరువైనా, పేరులేని కుంటైనా పిట్టకు కావలసింది ఇదే.

రాళ్లు, నడక దారి, దీపాలు కట్ట వైపే ఉంచి శిఖం వైపు ఏటవాలును అలాగే వదలాలి. పూడికతీత ఏప్రిల్ చివర మొదలుపెట్టి వానలకు ముందే ముగించాలి. తుంగ కోయక తప్పకపోతే ఈ ఏడు సగం, వచ్చే ఏడు మిగతా సగం కోయాలి. టెండరు పత్రాల్లోనే ఈ షరతులు రాయించాలని నీటిపారుదల, పురపాలక అధికారులను కోరుతున్నాం.

— పక్షి పరిశీలకులు, హైదరాబాద్