బయానా ఇచ్చేముందు నీళ్ళు చూడు

శ్రీకాకుళం

ఒరేయ్ అప్పలరాజూ,

నువ్వు ఫోనులో పంపిన ఫోటోలన్నీ చూశాను. హాలును నాలుగు మూలల నుంచీ తీశారు. పూజగది ఉంది, మేడమీది పూలకుండీలు కూడా ఉన్నాయి. స్నానాలగది పైకప్పు మాత్రం ఒక్క ఫోటోలోనూ లేదు. ఇంటి ముందు రోడ్డు అంతకన్నా లేదు. బ్రోకరు గట్టివాడే. నువ్వేమో హైదరాబాదులో కూర్చుని ‘బయానా ఇచ్చేద్దామా’ అంటున్నావు. ఇవ్వకు. ముందు వచ్చి చూడు, అదీ వాన పడుతున్నప్పుడు చూడు.

ఆ ఇంటికి నీళ్ళు ఎటునుంచి వస్తాయి, ఎటు పోతాయి అన్నది తేలిందంటే మన జిల్లాలో ముప్పాతిక వంతు ఇల్లు చూసినట్టే. తూర్పు గుమ్మం, ఈశాన్యం సంగతి ఎలాగూ మీ అత్తగారు చూసుకుంటారు. ఈ నీళ్ళ సంగతి నువ్వు చూసుకో.

లోపలికి వెళ్ళకముందే వీధిలో కాసేపు నిలబడు. సిమెంటు రోడ్డు వేసినప్పుడల్లా చాలాచోట్ల పాతదాని మీదే కొత్తది పోస్తారు. రోడ్డు పెరుగుతూ పోతుంది, ఇల్లు ఉన్నచోటే ఉంటుంది. ఒకప్పుడు మెట్లెక్కి వెళ్ళిన ఇళ్ళలోకి ఇప్పుడు దిగి వెళ్తున్నారు. గుమ్మానికి అడ్డంగా జానెడు సిమెంటు గట్టు కట్టి ఉంటే, వాన నీళ్ళు ఒకసారి లోపలికి వచ్చి వెళ్ళాయనే లెక్క. కాలువ ఎటు వాలు ఉందో, దాని చివర ఎక్కడ కలుస్తుందో నడిచి చూడు. ఊరి బయట కొత్త లేఅవుటు అయితే అక్కడ ఇదివరకు చెరువుండేదా, గెడ్డ, అదే వాగు, పారేదా అని పశువులు కాసుకునే ముసలాయన్ను అడుగు. ప్లాను కాగితంలో గెడ్డ కనిపించకపోవచ్చు, వాన వస్తే తన దారి తాను వెతుక్కుంటుంది.

నాగావళి గురించి నీకు చెప్పాలా? ఇక్కడ ఎండ కాస్తూనే ఉంటుంది, ఒడిశా కొండల్లో వాన దంచుతుంది, తోటపల్లి బ్యారేజీ గేట్లు ఎత్తారని కబురొస్తుంది. నువ్వు చూసిన ఇల్లు నదికి మరీ దూరం కాదు. అందుకని వీధి చివర కిరాణా కొట్టులో ఏదో ఒకటి కొని, ‘నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయండీ?’ అని అడుగు. వస్తాయా అని అడిగితే రావనే అంటారు. 2014లో హుద్‌హుద్ తుఫాను, 2018లో తిత్లీ తుఫాను, రెండూ అక్టోబరులోనే వచ్చాయి. ఆ రోజుల్లో ఈ వీధిలో ఏం ఎగిరిపోయింది, కరెంటు ఎప్పుడొచ్చింది అని కదిపితే చాలు, మిగతాదంతా వాళ్ళే చెబుతారు. పెరట్లో కొబ్బరిచెట్టు ఉందని మురిసిపోకు, అది ఎవరి శ్లాబు మీదికి వంగి ఉందో చూడు.

ఇంట్లోకి వెళ్ళాక కొత్త రంగుల వాసన వేస్తే జాగ్రత్తపడు. రంగు వేయడం తప్పని కాదు, ఒక్క గోడకే, అదీ మోకాలి ఎత్తు వరకే కొత్త రంగు ఎందుకు పడిందని. బీరువానో మంచమో కాస్త జరపమను. దాని వెనక గోడను అరచేత్తో తడిమి చూడు. చల్లగా, చెమ్మగా తగిలి, రంగు పొక్కులు లేచి, గోటితో గీకితే తెల్లటి ఉప్పు పొడిలా వేలికి అంటుకుంటే, కిందనుంచి నీళ్ళు గోడలోకి ఎక్కుతున్నాయన్నమాట. ఎన్ని పూతలు పూసినా రెండు వానాకాలాలకు మళ్ళీ బయటపడుతుంది. బాగుచేయించడం అంత తేలిక కాదు, ధర మాట్లాడేటప్పుడు ఆ ఖర్చు కూడా కలుపుకో.

తరవాత తల పైకెత్తు. స్నానాలగది కింద ఉన్న గది పైకప్పు, సన్‌షేడ్ల అడుగు భాగం, మెట్ల కింద చూడు. ఎర్రటి తుప్పు మరకలు గీతల్లా ఉన్నా, పెచ్చులూడి ఊచలు కనిపిస్తున్నా ఇనుము లోపల ఉబ్బుతోందని అర్థం. ఉప్పు కలిసిన ఇసుకతోనో నీళ్ళతోనో కట్టిన కట్టడానికి ఈ రోగం తొందరగా వస్తుంది, సముద్రం దగ్గర గాలి కూడా దానికి తోడవుతుంది. గోడ మీద వెంట్రుకంత బీటలకు కంగారుపడకు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా సాగి, నాణెం దూరేంత వెడల్పున్న బీట ఉంటే మాత్రం ఇంజనీరును పిలవాల్సిందే.

కొళాయి తిప్పు. వంటింట్లో ఒకటి, మేడమీద ఒకటి, రెండూ ఒకేసారి తిప్పు. బోరు నీళ్ళు గ్లాసులో పట్టి తాగి చూడు, ఉప్పగా ఉంటే మొహమాటపడకుండా మొహం చిట్లించు. మునిసిపల్ నీళ్ళు ఏ వేళకు వస్తాయో పక్కింటావిడను అడుగు. సెప్టిక్ ట్యాంకు ఎక్కడుందో, బోరు దానికి ఎంత దూరమో కూడా.

ఇక కాగితాలు. అసలు దస్తావేజు నీ కళ్ళతో చూడాలి. జిరాక్సు చూపించి ‘అసలుది లాకరులో ఉంది’ అంటే అది ఏ బ్యాంకులోనో తాకట్టులో ఉండొచ్చు. ముప్పై ఏళ్ళకు ఈసీ తీయించు, ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్టులు చూపే కాగితం అది. రిజిస్టరు కాని వీలునామా, నోటిమాట పంపకాలు అందులో కనిపించవు, అది గుర్తుంచుకో. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందేమో కూడా చూడాలి. అమ్మేది అన్నదమ్ములు కదా, వాళ్ళకు అప్పచెల్లెళ్ళు ఎంతమంది? మన రాష్ట్రంలో 1986లో పెళ్ళికాని కూతుళ్ళకు పిత్రార్జితంలో సమాన వాటా ఇస్తూ చట్టం తెచ్చారు, 2005 సవరణతో కూతుళ్ళందరికీ హక్కు వచ్చింది. ‘చెల్లికి పెళ్ళిలోనే ఇచ్చేశాం’ అన్న మాటతో ఆ హక్కు పోదు. అందరి సంతకాలూ ఉండాలి.

నేను ముందుగా ఒకసారి వెళ్ళొస్తాను, బ్రోకరుకు చెప్పకుండా. మొన్న రాత్రంతా వాన కురిసింది, వీధి ఎలా ఉందో ఇప్పుడే తెలుస్తుంది. వినాయకచవితి దాటాక విశాఖ ఎక్స్‌ప్రెస్‌కు టికెట్టు తీసుకో, ఆమదాలవలసలో దిగితే బండి తెస్తాను. చెల్లమ్మనూ తీసుకురా. వంటగది ఎలా ఉందో తను చెప్పాలి, ఆ విషయంలో నీ మాటకు విలువ లేదు.

నీ
సూరిబాబు